నడిచే ఒంటికి కొలతలు తీసే చదువు ఉందా?

ప్రశ్న: మాది సిద్దిపేట. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. లెక్కల్లో చురుకే. వాళ్లమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది, అమ్మాయికీ మిషన్ మీద చెయ్యి తిరిగింది. ఈమధ్య మనిషి నడుస్తుంటే, గెంతుతుంటే కెమెరాలతో ఒంటి కొలతలు తీసి బట్టలు తయారుచేసే వీడియో ఒకటి చూసి, అదే చదువుతానంటోంది. కంప్యూటర్ సైన్స్ వదిలేసి టైలరింగ్‌కి లక్షలు పోయాలా? అసలు ఇలాంటి ఉద్యోగం ఉందా?

జవాబు: సార్, ముందు మీ ఆవిడను ఒక మాట అడగండి. కొత్త జాకెట్టు తొడిగి చూసేటప్పుడు “చేతులు పైకెత్తమ్మా” అని ఎందుకంటారో. చేతులు దించుకుని నిలబడితే అతికినట్టున్న జాకెట్టు, బస్సులో పైకమ్మీ పట్టుకోగానే చంకలో పట్టేస్తుంది, కింద పట్టీ పైకి లేస్తుంది. టేపు తప్పు చెప్పలేదు. అది కొలిచింది నిలబడ్డ మనిషిని, జాకెట్టు తొడుక్కుని తిరిగేది పనిచేసే మనిషి. మీ అమ్మాయి వీడియోలో చూసింది ఈ తేడాను లెక్కగట్టే పనే.

ఆ తేడా ఎంతో ఇంట్లోనే తెలుస్తుంది. చెయ్యి చాపి భుజం చివర నుంచి మోచేతి మీదుగా మణికట్టు దాకా టేపు పెట్టండి. ఇప్పుడు మోచెయ్యి మడవమనండి, టేపు చాలదు. వీపు మీద ఈ చంక ముడత నుంచి ఆ చంక ముడత దాకా కొలిచి, తనను తానే వాటేసుకోమనండి, అక్కడ ఇంకా పెరుగుతుంది. మోకాలు మడిస్తే దాని మీది చర్మం నిలువునా మూడో వంతుకు పైగా సాగుతుందని కిర్క్, ఇబ్రహీం అనే పరిశోధకులు 1960ల్లోనే తేల్చారు. బిగుతు జీన్స్‌తో బాసింపట్టు వేసి భోజనానికి కూర్చోలేకపోవడం మన తప్పు కాదన్నమాట! పాతకాలపు లాల్చీలకు చంక కింద విడిగా ఒక ముక్క వేసి కుట్టిన దర్జీలకు ఈ లెక్క చేతివేళ్లలోనే ఉండేది.

ఇప్పుడు మనిషి చుట్టూ కెమెరాలు పెట్టి సెకనుకు 60 సార్లు ఒళ్లంతా స్కాన్ చేస్తున్నారు. జర్మనీలో ట్యూబింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ 2015లో వెలువరించిన ఒక పరిశోధనకి పదిమందిని కదిలిస్తూ తీసిన స్కాన్లే 40,000కు పైన. ఒక్కో స్కాన్ అంటే ఒంటి పైభాగాన్ని గుర్తుపెట్టే వేలకు వేల చుక్కల మూట. ఈ స్కాన్‌లో మోచేతి మీదున్న చుక్క తర్వాతి స్కాన్‌లో ఎక్కడికి పోయిందో పట్టుకోవడమే అసలు కష్టం. దానికి కావలసినవి మీ అమ్మాయి ఇప్పుడు చదువుతున్న మాత్రికలు, కలనగణితం, ఆపైన పైథాన్ అనే కంప్యూటర్ భాష కొంచెం. కాబట్టి “కంప్యూటరా, కుట్టుపనా” అనే పంచాయతీ ఇక్కడ లేదు. రెండూ కావాలి.

మన దేశంలో ఇంకా నిలబడ్డ మనిషి కొలతల దగ్గరే ఉన్నాం. కేంద్ర జౌళి శాఖ, నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) కలిసి తలపెట్టిన ‘ఇండియా సైజ్’ సర్వే లక్ష్యం హైదరాబాద్ సహా ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ల వయసున్న 25,000 మందిని స్కాన్ చేయడం. మనకంటూ సొంత సైజుల పట్టిక లేకనే కదా, ఇన్నాళ్లూ ఒక కంపెనీ ‘ఎల్’ మరో కంపెనీ ‘ఎక్స్‌ఎల్’ అవుతూ వచ్చింది.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. కదిలే ఒంటిని స్కాన్ చేసే ల్యాబులు తక్కువ, అవీ ఎక్కువగా విదేశాల్లోనే. అక్కడికి చేరాలంటే పీజీ, చాలాసార్లు పీహెచ్‌డీ కావాలి. డిగ్రీ చేతికి రాగానే దొరికేవి వేరు. బట్టల ఎగుమతి కంపెనీల్లో ప్యాటర్న్ మేకర్ (కత్తిరింపు నమూనాలు గీసేవాళ్లు), ఫిట్ టెక్నీషియన్ (ఒంటికి అతికిందో లేదో చూసి సరిచేసేవాళ్లు), కుట్టకముందే బట్టను కంప్యూటర్ మీద త్రీడీ శాంపిల్‌గా చేసేవాళ్ల పనులు. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీల లాంటి చోట్లన్నమాట. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చి చూస్తే మీకు నిరాశే. అయితే ఆటల దుస్తులకీ, అగ్నిమాపక సిబ్బంది సూట్లకీ పనికొచ్చే ఈ విద్యే హైదరాబాద్ గ్రాఫిక్స్ స్టూడియోల్లోనూ పనికొస్తుంది.

దారులు రెండు. ఒకటి నిఫ్ట్‌లో బీఎఫ్‌టెక్, అంటే ఫ్యాషన్ టెక్నాలజీ డిగ్రీ. ఇంటర్‌లో లెక్కలు ఉండాలి, డ్రాయింగ్ పరీక్ష ఉండదు. ఏయే క్యాంపస్‌లో ఉందో ఈ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూడండి. దరఖాస్తులు చలికాలంలోనే, ఇంటర్ పరీక్షల కంటే ముందే వస్తాయి, మరిచిపోకండి. రెండోది ఎప్‌సెట్ రాసి ఇంజనీరింగ్. ఉస్మానియా టెక్నాలజీ కాలేజీలో టెక్స్‌టైల్ టెక్నాలజీ ఉంది. మీ మనసు అటే ఉంటే కంప్యూటర్ సైన్సే చదివించండి, కుట్టుమిషన్ మాత్రం మూలన పెట్టించకండి. నన్నడిగితే మీ అమ్మాయికి బీఎఫ్‌టెక్ నప్పుతుంది. స్కాన్ చూసి “ఇక్కడ బిగుతుంది” అనేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆ బిగుతు పోవాలంటే ఏ ముక్కను ఎంత వంపు తిప్పి కత్తిరించాలో చెప్పగలిగినవాళ్లే తక్కువ. మీ అమ్మాయి ఆ రెండో పని ఇప్పటికే సగం నేర్చింది.

ఈ దసరా సెలవుల్లో ఒక పని అప్పజెప్పండి. ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు కలిపి పదిమందికి మోచెయ్యి, వీపు, మోకాలు నిలబడి ఒకసారి, మడిచి ఒకసారి కొలిచి నోట్‌బుక్‌లో రాయమనండి. తర్వాత ఆ లెక్క ప్రకారం వాళ్లమ్మకే ఒక జాకెట్టు కత్తిరించి కుట్టమనండి. బస్సెక్కి కమ్మీ పట్టుకుని చూశాక ఏమైందో నాకు రాయండి.