పేదరికరేఖకు దగ్గరగా ఉన్నవారికే ముందుగా సాయం ఎందుకు అందుతుంది?

పేదరికాన్ని ఎదుర్కొనే విషయంలో ప్రభుత్వాలు ప్రాధాన్యాలను ఎలా నిర్ణయిస్తాయని, అందరికంటే కింద ఉన్నవారికి సాయం చాలాసార్లు చివరికి ఎందుకు చేరుతుందని మీరు అడిగారు. సంక్షేమ పథకాలకు అర్హుల జాబితాలు తయారుచేసే విభాగంలో నేను ఆరేళ్లు పనిచేశాను. మొదట వివరాలు సేకరించే ఎన్యూమరేటర్‌గా ఇంటింటికీ తిరిగాను, తర్వాత అలా వచ్చిన పత్రాలను పరిశీలించే పనిలో కూర్చున్నాను. అక్కడ నాకు అర్థమైనంత వరకు, ప్రభుత్వ యంత్రాంగం తాను లెక్కపెట్టే దాని వెంటే నడుస్తుంది. పేదరికరేఖకు దిగువన ఉన్నవారి సంఖ్యను తగ్గించడమే లక్ష్యమైనప్పుడు, రేఖకు కాస్త దిగువన ఉన్నవారిని పైకి తేవడం తేలిక, ఖర్చూ తక్కువ. అట్టడుగున ఉన్న కుటుంబం ఆదాయం రెట్టింపైనా అది రేఖ దాటనంత వరకు నివేదికలోని అంకె కదలదు.

ఈ లోపాన్ని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1976లోనే ఎత్తిచూపారు. పేదల తలలు లెక్కపెట్టే కొలమానానికి వారు ఎంత పేదలన్నది పట్టదని ఆయన వాదన. 1984లో ఫాస్టర్, గ్రీర్, థోర్‌బెక్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు రేఖకు ఎవరు ఎంత దూరంలో ఉన్నారో లెక్కలోకి తీసుకుని, దూరం పెరిగే కొద్దీ ఎక్కువ బరువునిచ్చే సూత్రాన్ని ప్రతిపాదించారు. సూత్రం నలభై ఏళ్లుగా అందుబాటులోనే ఉన్నా, రాజకీయ ప్రకటనల్లో ఇప్పటికీ వినిపించేది తలల లెక్కే, ఎందుకంటే "ఇంతమందిని పేదరికం నుంచి బయటపడేశాం" అన్న వాక్యం సభలో చెప్పడానికి బాగుంటుంది. బ్రిటన్ 2010లో చేసిన బాలల పేదరిక చట్టం, మధ్యస్థ ఆదాయంలో (అందరి ఆదాయాలను వరుసలో పెడితే సరిగ్గా మధ్యన పడేదానిలో) 60 శాతం కంటే తక్కువ ఆదాయమున్న ఇళ్లలోని పిల్లల వాటాను 2020 నాటికి 10 శాతం లోపుకు తేవాలని నిర్దేశించింది. ఆ గీతకు ఒక్క పౌండు పైకి వచ్చిన కుటుంబాన్ని పేదరికం నుంచి బయటపడిందని అనడమేమిటని విమర్శకులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, కానీ 2016లో ఆ లక్ష్యాలనే చట్టం నుంచి తొలగించడం దానికి జవాబు అయిందని నేను అనుకోను.

గీతను ఎక్కడ గీయాలన్నది కూడా ఒక నిర్ణయమే. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో తీవ్ర పేదరికరేఖను రోజుకు 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు మార్చింది. ఎవరి ఇంట్లోనూ ఏమీ మారకుండానే తీవ్ర పేదల అంచనా 12 కోట్లకు పైగా పెరిగింది.

గీత నిర్ణయమయ్యాక దాని కింద ఎవరున్నారో కనిపెట్టాలి. చాలా దేశాల్లో పేదల ఆదాయానికి కాగితాలుండవు కనుక ఇంటి గోడలు, పైకప్పు, చదువు, వస్తువులను బట్టి మార్కులు వేస్తారు. నేనూ అదే చేశాను. ఒక ఇంట్లో పెద్దావిడ ఒక్కరే ఉంటున్నారు. పైకప్పు పక్కాది, కొడుకు సంపాదిస్తున్న రోజుల్లో వేయించినది. ఆ కొడుకు అప్పటికి రెండేళ్ల క్రితమే చనిపోయాడు. మూలన ఫ్రిజ్ ఉంది. తలుపు తీసి చూపించారు: లోపల మడతపెట్టిన బట్టలు, ఒక మందుల సంచి. ప్లగ్ తీగ కోసేసి ఉంది. నా పత్రంలో "ఫ్రిజ్ ఉందా" అన్న ప్రశ్నకు అవును, కాదు అన్న రెండే గళ్లున్నాయి. పనిచేస్తుందా అన్న గడి లేదు. నిబంధన ప్రకారం "అవును" దగ్గర టిక్కు పెట్టాను. పైకప్పు, ఫ్రిజ్ కలిసి ఆమెను, సాయానికి అర్హత పోయే హద్దుకు రెండు మార్కులు పైకి నెట్టాయి.

ఆ టిక్కు నాకు ఇప్పటికీ గుర్తుంది. అయినా ఎన్యూమరేటర్ ఇష్టానికి వదిలేస్తే మేలనిపిస్తుందా అంటే, అదీ అనిపించదు. కొలంబియాలో సిస్బెన్ అనే ఇలాంటి మార్కుల పద్ధతి ఉంది. మార్కులు ఎలా పడతాయో స్థానిక అధికారులకు తెలిసిన తర్వాత, హద్దుకు సరిగ్గా కింద అనుమానాస్పదంగా ఎన్నో కుటుంబాలు గుమిగూడాయని పరిశోధకులు చూపించారు. కఠినమైన నిబంధన పెద్దావిడను బయట పెట్టింది, సడలించిన నిబంధన పలుకుబడి ఉన్నవారిని లోపలికి తెచ్చేది. ఈ రెండు తప్పుల్లో ప్రభుత్వాలు ఎక్కువగా భయపడేది రెండోదానికే. అనర్హుడికి డబ్బు అందితే వార్త అవుతుంది, అర్హురాలికి అందకపోతే ఎవరికీ తెలియదు.

ఇక డబ్బు సంగతి. ప్రాధాన్యం ఎంతో తెలుసుకోవడానికి నేను బడ్జెట్ ప్రసంగం కంటే సవరించిన అంచనాలనే నమ్ముతాను. ఏడాది మధ్యలో ఆదాయం తగ్గినప్పుడు ఏ పద్దుకు కోత పడిందో అక్కడ కనిపిస్తుంది. మా విభాగంలో ఆ కోత తరచుగా కొత్త సర్వేలపైనా ఫిర్యాదుల పరిశీలన సిబ్బందిపైనా పడేది, ఎందుకంటే వాటికి చట్టబద్ధమైన రక్షణ లేదు, అడిగేవారూ లేరు. చట్టం ఉన్నచోట కొంత తేడా ఉంటుంది. న్యూజీలాండ్ 2018లో చేసిన చట్టం ప్రకారం బడ్జెట్‌తో పాటు పిల్లల పేదరికంపైనా ప్రభుత్వం నివేదిక ఇవ్వాలి, అంటే ఆర్థిక మంత్రి ఆ అంకెను తప్పించుకుని వెళ్లలేరు. చైనాలో 832 పేద కౌంటీలను (స్థానిక పాలనా విభాగాలను) గుర్తించి, అక్కడి అధికారుల పనితీరు అంచనాను పేదరికం తగ్గింపుతో ముడిపెట్టారు. అంత ఒత్తిడి ఉన్నచోట అంకెలను అందంగా చూపాలన్న కోరికా పెరుగుతుందని పత్రాలు పరిశీలించినవాడిగా నేను అనుకుంటాను. బ్రెజిల్‌లో పేద కుటుంబాలకు నగదు ఇవ్వడానికి 2003లో మొదలైన బోల్సా ఫమీలియా పథకం మాత్రం నాకు బాగా నచ్చిన ఉదాహరణ. దేశ స్థూల ఉత్పత్తిలో సుమారు అర శాతం ఖర్చుతోనే అది దాదాపు పావు వంతు జనాభాకు చేరింది. దానికి ఆధారమైన ఉమ్మడి రిజిస్టర్‌లో కుటుంబాలు తమ వివరాలను క్రమం తప్పకుండా నవీకరించుకోవాలి.

ఆ నవీకరణే అసలు కీలకమని నా అభిప్రాయం. పేదరికం స్థిరంగా ఉండదు. ఒక జబ్బు, ఒక మరణం, పోయిన ఒక ఉద్యోగం చాలు, నిన్నటి దాకా గీతకు పైనున్న కుటుంబం కిందికి జారడానికి. జాబితా మాత్రం సర్వే జరిగిన రోజు దగ్గరే ఆగిపోతుంది. మీ ప్రభుత్వం జాబితాను ఎన్నేళ్లకోసారి తిరగరాస్తుందో, మధ్యలో కొత్తగా నమోదయ్యే దారి ఉందో లేదో, తిరస్కరణకు కారణాన్ని రాతపూర్వకంగా ఇస్తుందో లేదో కనుక్కోండి.

ఆ పెద్దావిడ అభ్యంతర పత్రం పెట్టుకున్నారు. నేను పరిశీలన విభాగానికి మారాక ఆ పత్రం నా ముందుకే వచ్చింది. ఫ్రిజ్ పనిచేయడం లేదని రాసి పంపితే, మార్కుల్లో మార్పు తదుపరి సర్వేలోనే సాధ్యమని పైనుంచి సమాధానం వచ్చింది. తదుపరి సర్వే నాలుగేళ్ల తర్వాత జరిగింది. అప్పటి పత్రంలో "పనిచేస్తున్న ఫ్రిజ్ ఉందా" అని అడిగారు.