సారు పాఠం చెప్పట్లేదు, పిల్లలే చెప్పుకుంటున్నారు... కాలేజీ మార్చేయాలా?

టెక్కలి నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి విజయనగరం దగ్గర బీటెక్ ఈసీఈ సెకండియర్ సార్. ఒక సబ్జెక్ట్ సారు అసలు పాఠమే చెప్పరంట, ముందురోజు వీడియో చూసి రమ్మంటారంట, క్లాసులో ప్రశ్నలిచ్చి నలుగురేసి కూర్చుని మీలో మీరే తేల్చుకోండి అంటారంట. ఇదేటి చదువండీ? పిల్లలే చెప్పుకునేదానికి ఫీజెందుకు? అమ్మాయి కూడా ఏం అర్థం కావట్లేదంటోంది. కాలేజీ మార్చేమంటారా?"

మార్చొద్దండి. ఈ ఒక్క కారణానికైతే అస్సలొద్దు. మధ్యలో మార్చడమంటే ఎన్ఓసీలు, యూనివర్సిటీ పర్మిషన్లు, అదంతా ఒక తిరుగుడు, అది పక్కనపెట్టినా ఆ సారు చేసేది తప్పని నేననుకోవట్లేదు.

ముందు మీకో ప్రశ్న. ఎచ్చెర్ల దగ్గర హైవే మీద ఆర్టీసీ బస్సు, షేర్ ఆటో గుద్దుకున్నాయనుకోండి (ఊరికే అనుకోండి, అలా జరక్కూడదు). బస్సు ఆటోని గుద్దిన బలం ఎక్కువా, ఆటో బస్సుని గుద్దిన బలం ఎక్కువా? బస్సే అంటారు, నుజ్జయ్యేది ఆటోయే కదా మరి. ఇంటర్ ఎంపీసీలో తొమ్మిది వందలు దాటొచ్చిన పిల్లలు కూడా నాకు బస్సే అని చెప్పారు, అదే న్యూటన్ మూడో నియమం చెప్పమ్మా అంటే గడగడా చెప్పేస్తారు. రెండు బలాలూ సమానమండీ, ఆటో తేలిక కాబట్టి దాని వేగం ఒక్కసారిగా మారిపోతుంది, అందుకే దెబ్బ దానికి ఎక్కువ.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్‌కి కూడా ఇదే దెబ్బ తగిలింది, పెద్ద పెద్ద లెక్కలు చేసే పిల్లలే ఇలాంటి చిన్న ప్రశ్న దగ్గర బోల్తా పడ్డారు. అప్పుడాయన 1991 నుంచి లెక్చర్ తగ్గించి, ప్రశ్న వేసి, ముందు ఎవరికి వాళ్ళు జవాబు పెట్టాక పక్కవాడితో వాదించమని, మళ్ళీ జవాబు అడగడం మొదలెట్టారు. మీ అమ్మాయి క్లాసులో జరిగేది ఇంచుమించు ఇదే. దీన్నే యాక్టివ్ లెర్నింగ్ అంటున్నారు. సైన్సు, ఇంజనీరింగ్, లెక్కల క్లాసుల మీద జరిగిన 225 స్టడీలు కలిపి 2014లో లెక్కేస్తే, ఉత్త లెక్చర్ క్లాసుల్లో వందకి 34 మంది దాకా ఫెయిల్, ఇలాంటి క్లాసుల్లో 22 మంది.

మరి అర్థం కావట్లేదంటోంది కదా అంటారా... అసలు కిటుకు అక్కడే ఉంది. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లోనే ఇంకో స్టడీ వచ్చింది, అదే పాఠం కొందరికి మంచి లెక్చర్‌గా, కొందరికి ఇలా చేయించి చెప్పారు, టెస్టులో చేసినవాళ్ళకే మార్కులు ఎక్కువ, కానీ "బాగా నేర్చుకున్నాం" అని అనిపించింది మాత్రం లెక్చర్ విన్నవాళ్ళకి! నాకూ అనుభవమే. డిగ్రీలో మా సారొకరు థర్మోడైనమిక్స్ చెప్తుంటే సినిమా చూసినట్టు ఉండేది, బయటికొచ్చి ఆహా అనుకునేవాళ్ళం, పరీక్షలో పేపర్ తెల్లగానే ఇచ్చొచ్చాను. పైగా మన పిల్లలు ఇంటర్ రెండేళ్ళూ మెటీరియల్, స్లిప్ టెస్టు, మళ్ళీ మెటీరియల్, దానికి అలవాటైపోయారు, ఇప్పుడు ఆలోచించమంటే తల నొప్పెడుతుంది, తప్పదు.

అంతెందుకు, విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టారు, అక్కడ వయొలిన్ నేర్పడమంటే గంటసేపు ఉపన్యాసమా? గురువుగారు ఒక సంగతి (పాటలో ఒక చిన్న స్వరాల ముక్క) వాయిస్తే శిష్యుడు వాయించాలి, తప్పితే ఆపి మళ్ళీ.

అయితే ఒకటి. దీని పేరు చెప్పుకుని ఎగ్గొట్టేవాళ్ళూ ఉన్నారు, నేను చూశాను. చాప్టర్లు పంచేసి సెమినార్ ఇచ్చుకోండి అని చెప్పి వెనక బెంచీలో ఫోన్ చూసుకునే రకం. అందుకని అమ్మాయిని ఇవి అడగండి: గ్రూపుల్లో మాట్లాడుకునేటప్పుడు సారు తిరుగుతున్నారా, తప్పు జవాబు వచ్చినప్పుడు ఆపి ఎందుకు తప్పో బోర్డు మీద చెప్తున్నారా, చివర్లో పావుగంటైనా ఆయన మాట్లాడుతున్నారా? అవునంటే ఆ సారు మామూలు లెక్చరర్ కంటే ఎక్కువ కష్టపడుతున్నట్టు. కాదంటే ముందు క్లాస్ రిప్రజెంటేటివ్‌తో, తర్వాత హెచ్‌ఓడీతో మాట్లాడించండి, అప్పుడు కూడా టీసీ గురించి కాదు.

అమ్మాయి పనేంటంటే, వీడియో పడుకుని చూడటం కాదు, మధ్యలో ఆపి ఆ సర్క్యూట్ కాగితం మీద గీసి కరెంటు ఎంతో తనే కట్టాలి. క్లాసయ్యాక నోట్స్ మూసేసి ఒక పేజీ రాసుకోవాలి, ఎందుకంటే చివరికి 70 మార్కుల ఎక్స్‌టర్నల్ రాతపరీక్షే, గ్రూపులో బాగా మాట్లాడితే దానికి మార్కులు రావు. ఆ సారు దీనికి నోట్స్ ఇవ్వకపోతే సీనియర్ల దగ్గర పాత పేపర్లు పట్టుకోమనండి.

మొదటి మిడ్ మార్కులు వచ్చాక నాకు మళ్ళీ రాయండి, అప్పుడు చూద్దాం. ఈలోగా ఆదివారం ఇంటికొస్తే ఆ బస్సూ ఆటో ప్రశ్న అడగండి, జవాబు మాత్రం మీరు చెప్పేయకండి.