గాలి తగ్గిస్తే వచ్చే పట్టు, బంపర్ మారిస్తే రాదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మహీంద్రా థార్ గురించే. 2020 అక్టోబర్ 2న రెండో తరం థార్ వచ్చాక మన ఊళ్లలో ఈ బండి ఎంత పెరిగిందో చూస్తూనే ఉన్నాం. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, పొడుగు ఉత్తరాల్ని కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: రెండు నెలల క్రితం మూడు డోర్ల థార్ డీజిల్ ఫోర్ బై ఫోర్ కొన్నాను. 2 అంగుళాల లిఫ్ట్, 285 టైర్లు, ముందు ఇనుప బంపర్, పైన ఎల్‌ఈడీ బార్ వేయించాలని ఉంది. మూడు లక్షల దాకా పెట్టగలను. ఏది ముందు చేయించమంటారు? – ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

ముందు ఆరు నెలలు ఏదీ చేయించకండి. బండి ఎలా వచ్చిందో అలాగే నడపండి. కంపెనీ నుంచి వచ్చినప్పుడే దీనికి 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) ఉంది, 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో దిగగలదు, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేర్ ఉంది. మారేడుమిల్లి నుంచి గుడిస కొండెక్కే మట్టిదారికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. అక్కడ ఆగిపోయిన బండ్లని చాలాసార్లు చూశాను, వాటిలో ఎక్కువ భాగం ఎత్తు చాలక ఆగినవి కావు, గేర్ తప్పు వేసో, కంగారులో యాక్సిలరేటర్ తొక్కేసో ఆగినవి.

ఇక టైర్ల లెక్క చూద్దాం. 18 అంగుళాల వీల్స్ ఉన్న థార్‌కి కంపెనీ ఇచ్చేది 255/65 టైరు, దాని ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు. మీరు అడుగుతున్న 285/65 ఎత్తు సుమారు 828. అంటే 5 శాతం పెద్దది, మీటరు 100 చూపిస్తున్నప్పుడు మీరు నిజంగా 105లో వెళ్తుంటారు. ఇంత ఖర్చు పెడితే క్లియరెన్స్ ఎంత పెరుగుతుందంటే 20 మిల్లీమీటర్లు కూడా పూర్తిగా కాదు, ఎందుకంటే టైరు ఎత్తులో సగమే ఇరుసు కింద ఉంటుంది. ఆ 20 కోసం ప్రతి చక్రం బరువెక్కుతుంది, బేరింగులూ బాల్ జాయింట్లూ తొందరగా అరుగుతాయి, పికప్ తగ్గుతుంది, బ్రేకు పడటానికి ఇంకాస్త దూరం పడుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల లైనర్‌కి రాసుకుంటుంది. కంపెనీ టైర్లు అరిగిపోయాక అదే సైజులో రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే మంచి ఏటీ టైర్లు వేయించండి, మీ అవసరానికి అవి సరిపోతాయి.

లిఫ్ట్ మాట. ఈ బండికి ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే రెండు చక్రాలూ దేనికది విడిగా పైకీ కిందకీ కదులుతాయి. స్పేసర్లు (ఎత్తు పెంచే దిమ్మలు) పెట్టి ఎత్తితే డ్రైవ్ షాఫ్టులు ఎప్పుడూ వంపులోనే తిరుగుతాయి, వాటి రబ్బరు బూట్లు చిరుగుతాయి, గ్రీజు బయటికి పోయి మట్టి లోపలికి చేరుతుంది. నా పాత బండికి ఒక గ్యారేజీలో ఇలాగే లిఫ్ట్ చేయించుకున్నాను. ఎనిమిది నెలల్లో రెండు బూట్లూ పోయాయి, మలుపు తిప్పినప్పుడల్లా టక టకమని చప్పుడు. వెళ్లి అడిగితే లిఫ్ట్ చేసిన బండికి ఇది మామూలే అన్నారు. మామూలు కాదు, జాయింట్ లోపల అరిగిపోతోందని చెప్పే చప్పుడు అది. చివరికి స్పేసర్లు తీయించేసి రెండు షాఫ్టులూ కొనాల్సి వచ్చింది.

ఇనుప బంపర్ మాత్రం అసలే వద్దు. ముందు గుద్దుకున్నప్పుడు నలగాల్సిన భాగం నలిగితేనే ఆ దెబ్బ మీ ఒంటిదాకా రాదు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే సమయం కూడా ఆ నలిగే తీరుని లెక్కలో పెట్టుకునే కుదురుస్తారు. గట్టి ఇనుము బిగిస్తే ఆ లెక్కంతా మారిపోతుంది, ఎదురుగా ఉన్నది పాదచారి అయితే అతని పరిస్థితి చెప్పక్కర్లేదు. 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ వీటిని తీయించమని రాష్ట్రాలకి రాసింది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ చెబుతోంది. ఊళ్లో అందరికీ ఉంది కదా అంటారు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకునే రోజున ఆ అందరూ మీ పక్కన ఉండరు. ఎల్‌ఈడీ బార్ కూడా అంతే, ఎదురొచ్చే బైకు మీది మనిషికి రెండు క్షణాలు కళ్లు కనపడకుండా చేసే వెలుగు రోడ్డు మీద మనకెందుకు?

మరి కొనాల్సినవేంటి? మంచి ఎయిర్ కంప్రెసర్, నమ్మదగిన గేజ్, సాగే గుణమున్న రికవరీ తాడు, తాడు తగిలించడానికి రెండు షాకిల్స్, ఒక పార. మూడు లక్షల్లో పదో వంతు కూడా అవదు. రేపు మున్నేటి ఇసుకలో దిగబడితే చక్రం తిప్పుతూ గొయ్యి తవ్వుకోకుండా ఆపేసి, నాలుగు టైర్లలో గాలిని 18 పీఎస్‌ఐకి దించండి. టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది, బండి తేలినట్టు బయటికొస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ గాలితో మాత్రం మలుపులు గబుక్కున తిప్పకండి, టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపుకోండి, తక్కువ గాలితో వేగంగా వెళ్తే టైరు వేడెక్కి పేలుతుంది. ఒక్క మాట, ఇసుకలో నేర్చుకోవాలని సముద్రపు ఒడ్డుకి మాత్రం బండి దింపకండి. చలికాలం చివర నుంచి వేసవి మొదలయ్యేదాకా మన తీరమంతా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. పైగా ఉప్పునీళ్లు బండి అడుగుని తినేస్తాయి.

ప్రశ్న: నేను టీచర్‌ని. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు వారానికి నాలుగు రోజులు నేనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్తాను. ఫోర్ బై ఫోర్ వాడకపోతే తుప్పు పడుతుంది, ఎప్పుడూ వేసే ఉంచమని మా స్టాఫ్‌లో ఒకరు, అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు. టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకురాలు

ఇద్దరి మాటా వద్దు మేడమ్. మీ బండిది పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ శక్తిని అవసరమైనప్పుడే లివర్‌తో వేసుకునేది. 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగే మామూలు గేరు) వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరిగేలా ముడిపడిపోతాయి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి కదా, ఆ తేడా ఎక్కడో సర్దుకోవాలి. బురదలో, కంకరలో టైరు కొంచెం జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు, ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, రెండు ఇరుసులకీ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బండి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఉంటుంది. ఘాట్ రోడ్డులో మలుపు తర్వాత మలుపే, కాబట్టి పొడి రోజుల్లో వెనక చక్రాలే లాగే 2హెచ్ చాలు. వానలో మట్టి కొట్టుకొచ్చి రోడ్డు మీద పరుచుకున్న చోట, స్కూలుకి వెళ్లే చివరి మట్టిదారిలో 4హెచ్ వేయండి. వేగం తగ్గించి, స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు లివర్ మార్చండి.

4ఎల్, అంటే లో రేంజ్ గేర్ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. నిటారుగా, జారుడుగా ఉన్న దిగుడు మొదలయ్యే ముందే చదునైన చోట బండి ఆపి, న్యూట్రల్ చేసి, 4ఎల్ వేసి, ఒకటో గేరులో వదలండి. ఇంజినే బండిని పట్టుకుంటుంది, బ్రేకు మీద కాలు పెట్టే అవసరం చాలా తగ్గుతుంది. నెలకోసారి మట్టి మీద నాలుగైదు కిలోమీటర్లు 4హెచ్‌లో తిప్పితే లోపల ఆయిల్ అన్ని చోట్లకీ చేరుతుంది, తుప్పు భయం ఉండదు. లంబసింగి మంచులో హై బీమ్ వేయకండి, మంచు మీద పడిన వెలుగు తిరిగి మీ కళ్లలోకే వస్తుంది.

ప్రశ్న: డీజిల్ బండి. ఇంటి నుంచి ఆఫీసు 6 కిలోమీటర్లు, అంతా ట్రాఫిక్. డీపీఎఫ్ లైటు మాటిమాటికీ వెలుగుతోంది. తెలిసిన మెకానిక్ డీపీఎఫ్ తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తే మళ్లీ రాదంటున్నాడు. – కూకట్‌పల్లి, హైదరాబాద్

తీయించకండి. పొగలోని మసిని పట్టుకునే జల్లెడ అది. బాగా వేడెక్కినప్పుడు ఆ మసిని అదే కాల్చేసుకుంటుంది. 6 కిలోమీటర్ల ట్రాఫిక్‌లో ఆ వేడి ఎప్పటికీ రాదు. తీయించేస్తే వారంటీ పోతుంది, చట్టరీత్యా తప్పు, ఆ మసి మన పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. లైటు వెలిగిన రోజునే ఔటర్ రింగ్ రోడ్డెక్కి, ఒక గేరు తక్కువలో ఇంజిన్ 2,000 ఆర్‌పీఎంకి పైన తిరిగేలా అరగంట ఆగకుండా నడపండి. వారానికోసారి ఇది అలవాటు చేసుకుంటే లైటు రావడమే తగ్గిపోతుంది. ఇంకోటి, ఇంజిన్ ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయించండి. డీపీఎఫ్ బండికి బూడిద తక్కువ వచ్చే ఆయిల్ కావాలి, చవకని ఇంకోటి పోస్తే ఆ బూడిద జల్లెడలో చేరి ఎంత వేడికీ కాలదు. మీ తిరుగుడు ఎప్పటికీ ఇంతే అయితే వచ్చే బండి పెట్రోల్ తీసుకోండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ 4x4 ఒకటి మంచి ధరకి వస్తోంది. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో మునిగిందేమోనని అనుమానం. ఎలా తెలుసుకోవాలి? – విజయవాడ

ఆ వరదలో మీ ఊళ్లో ఎన్ని బండ్లు మునిగాయో మీరే చూశారు, అనుమానపడటం న్యాయమే. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. పైభాగం కడుగుతారు గానీ లోపల చుట్టుకున్న చివరి మూరెడు ఎవరూ కడగరు, అక్కడ మట్టి గీత కనిపిస్తుంది. సీటు బోల్టుల తుప్పు, కార్పెట్ కింద తడి వాసన, ఫ్యూజు బాక్సులో ఆకుపచ్చగా పట్టిన పిన్నులు చూడండి. తర్వాత రెండు ఇరుసుల ఆయిల్ కొంచెం తీయించండి. పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లినట్టే. వేడిగా ఉన్న ఇరుసు ఒక్కసారి చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది, గాలి పీల్చుకునే బ్రీదర్ గొట్టం మట్టితో మూసుకుపోయి ఉంటే సీలు సందుల్లోంచి నీళ్లనే లాక్కుంటుంది. వాగుల్లో దిగే అలవాటున్న వాళ్లందరూ సర్వీసులో ఆ బ్రీదర్లు చూపించుకోవాలి.

థార్‌కి 650 మిల్లీమీటర్లన్నారు కదా అని పారే వాగులో దిగకండి. ఆ అంకె నిలిచిన నీళ్లకి, నెమ్మదిగా వెళ్లినప్పటికి. చప్టా మీద నుంచి ఉరికే నీళ్లు అందులో సగం ఎత్తున్నా బండిని పక్కకి నెట్టేస్తాయి. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని అణచలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇలా పోయిన ఇంజిన్‌కి ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ లేకపోతే చాలా పాలసీలు డబ్బివ్వవు.

ప్రశ్న: నా బండికి మిలిటరీ ఆకుపచ్చ రంగు వేయించొచ్చా? – కర్నూలు

కుదరదు. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాహనాలకే అని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన. ఇంకే రంగుకి మార్చినా ఆర్టీఓకి చెప్పి ఆర్‌సీలో మార్పించుకోవాలి.

ప్రశ్న: మా నాన్నగారు వాడిన మహీంద్రా ఎంఎం 540 జీపు ఇంట్లో ఉంది. గుంతలో పడ్డాక స్టీరింగ్ పిచ్చిగా ఊగుతోంది, ఆపేదాకా ఆగదు. ఇనుము ధరకి అమ్మేయమంటున్నారు. – మార్కాపురం

దయచేసి అమ్మకండి. చాసిస్ గట్టిగా ఉందా లేదా అన్నది ఒక్కటి ముందు తేల్చుకోండి, చిన్న సుత్తితో పొడుగునా తట్టుకుంటూ వెళ్లండి, ఖంగుమనే చోట బాగుంది, మొద్దుగా మోగిన చోట లోపల తుప్పు తినేసింది. చాసిస్ బాగుంటే మిగిలినదంతా బాగయ్యేదే. ఫిట్‌నెస్ పాసైతే 5 ఏళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు. కమాన్ కట్టలకీ, క్రాస్ జాయింట్లకీ గ్రీజు కొట్టిస్తూ ఉంటే ఈ జీపు ఇంకో తరం నడుస్తుంది. కంప్యూటర్ లేని బండి ఇది, మార్కాపురంలో దొరికే పాత మెకానిక్ చేతికి పూర్తిగా అర్థమవుతుంది.

ఆ ఊగడం గురించి. ముందు రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు ఉన్న బండ్లకి వచ్చే జబ్బు అది. చాలామంది స్టీరింగ్ డ్యాంపర్ పెట్టిస్తారు, కొన్నాళ్లు ఊగడం కనపడదు గానీ అరిగింది అరిగినట్టే ఉంటుంది. ముందు టైర్ల గాలి, వీల్ బ్యాలెన్సింగ్, కట్టల యూ బోల్టులు చూడండి. తర్వాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, టైరుని ఎడమా కుడీ పట్టుకుని ఆడించండి, ప్లే (వదులు) ఉంటే టై రాడ్ ఎండ్లు చూడాలి. పైనా కిందా పట్టుకుని ఆడించినప్పుడు ప్లే ఉంటే ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమనండి. అప్పుడు ప్లే పోతే అది వీల్ బేరింగ్. బ్రేకు తొక్కినా ప్లే ఉంటే కింగ్ పిన్ బేరింగులు, అంటే చక్రం పక్కకి తిరిగే కీలు దగ్గరివి. వాటిని ఒక వైపు మాత్రమే మార్చి ఊరుకోకుండా రెండు వైపులా ఒకేసారి మార్పించండి, అలైన్‌మెంట్‌కి ఆ పని అయ్యాకే తీసుకెళ్లండి.