"ఎలుకల్ని కోసే ఉద్యోగమా?" ఇమ్యునాలజీ ల్యాబ్‌లో ఎవరెవరుంటారు

మీరు అడిగింది ఇదీ: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అయింది, హైదరాబాద్‌లో ఒక ఇమ్యునాలజీ ల్యాబ్ (ఒంటి రోగనిరోధక శక్తి మీద పరిశోధన చేసేది) నుంచి ప్రాజెక్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది, అక్కడ ఎలాంటివాళ్లుంటారు, రోజంతా ఏం చేస్తారు, ఇంట్లోవాళ్లేమో "ఎలుకల్ని కోసే ఉద్యోగమా" అంటున్నారు, చేరొచ్చా అని. నేను అలాంటి ల్యాబ్‌లోనే పీహెచ్‌డీ చేశాను. ఇప్పుడు ఒక పరిశోధన సంస్థలో, కణాలను ఒక్కొక్కటిగా చదివే ఫ్లో సైటోమెట్రీ మెషీన్ చూసుకుంటున్నాను. రకరకాల ల్యాబులవాళ్లు సాయంత్రమయ్యేసరికి ఐస్ బకెట్లు పట్టుకుని నా దగ్గరికే వస్తారు కాబట్టి, ఎవరు ఎవరితో ఎలా ఉంటారో బాగానే కనిపిస్తుంది.

డీఎన్‌ఏ మీద పనిచేసేవాళ్లు పని మధ్యలో ఆపి, ట్యూబు ఫ్రిజ్‌లో పెట్టి, ఇంటికెళ్లి పడుకోవచ్చు. మా దగ్గర ట్యూబులో ఉండేవి బతికున్న కణాలు. ఎలుక ప్లీహం (స్ప్లీన్) బయటికి తీశాక ఇక ఆగడానికి లేదు, రాత్రికి మెషీన్ మీద రీడింగ్ పడేదాకా నడవాల్సిందే. అందుకని ఎంత తెలివైనవాళ్లైనా ఇక్కడ ఒంటరిగా నెట్టుకురాలేరు. ల్యాబ్ హెడ్ పేరు, పరిశోధన పేపర్ల జాబితా చూడండి, తప్పులేదు. కానీ అంతకంటే ముందు, హార్వెస్ట్ రోజున పక్కన నిలబడేవాళ్లు ఎవరో కనుక్కోండి.

హార్వెస్ట్ అంటే ఎలుకల నుంచి అవయవాలు తీసే రోజు. పొద్దున్నే ఒకరు బట్టలు మార్చుకుని, గౌను, మాస్కు, టోపీ వేసుకుని, ఎలుకలను పెంచే ఆనిమల్ హౌస్‌లోకి వెళ్తారు. ఎలుక ప్లీహం ముదురు ఎరుపులో, సెంటీమీటరున్నర పొడవుండే సన్నటి ముక్క. అందులో పది కోట్ల దాకా కణాలుంటాయి. దాన్ని 70 మైక్రాన్ల సన్నటి రంధ్రాలున్న జల్లెడలో పెట్టి సిరంజి పిస్టన్ చివరతో రుద్దాలి. గట్టిగా నొక్కితే కణాలు చస్తాయి, మెల్లగా రుద్దితే సగం జల్లెడకే అంటుకుపోతాయి. ఎంత నొక్కాలో ప్రోటోకాల్‌లో ఉండదు, సీనియర్ చేతిని చూసి నేర్చుకోవాల్సిందే. తర్వాత ఎర్ర రక్తకణాలను పగలగొట్టే బఫర్ ద్రవం పోస్తారు. అది కొద్ది నిమిషాలే ఉండాలి, ఎక్కువసేపు ఉంటే మనకు కావలసిన తెల్ల కణాలు కూడా పోతాయి. పన్నెండు ట్యూబులుంటే ఒకరు బఫర్ పోస్తూ పోతుంటే, వెనకాలే ఇంకొకరు మీడియం (కణాలను బతికించే పోషక ద్రవం) పోసి ఆపుతూ రావాలి. మూడో మనిషి ట్రిపాన్ బ్లూ అనే రంగు కలిపి మైక్రోస్కోప్ కింద లెక్కపెడుతుంటారు. నీలం ఎక్కినవి చచ్చినవి. మధ్యాహ్నం, ఏది ఏ రకం కణమో గుర్తుపట్టడానికి, రంగులంటించిన యాంటీబాడీలు (కణాలకు అతుక్కునే ప్రోటీన్లు) కలుపుతారు. ఆ రంగులు వెలుతురుకు పాడవుతాయి, అందుకని లైట్లార్పి, ప్లేటును అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, అరగంట ఐస్ మీద పెడతారు. ఎవరు ఎప్పుడు భోజనానికి వెళ్లాలో కూడా ముందురోజే అనుకుంటారు.

ఈ చేతిసాయమంతా జీతానికి జరిగేది కాదు. నాట్లప్పుడు పల్లెల్లో ఒకరి పొలానికి ఒకరు బదులుకు వెళ్తారు చూడండి, అచ్చం అదే. నా హార్వెస్ట్‌కి నువ్వొస్తే నీ హార్వెస్ట్‌కి నేనొస్తాను. బదులు తీర్చనివాళ్ల సంగతి ల్యాబ్ అంతా తెలుసు, ఎవరూ నోరు తెరిచి అనరు, అంతే. గొడవ వచ్చేది పేపర్ రాసేటప్పుడు. మూడేళ్లు ప్రతి హార్వెస్ట్‌కీ నిలబడిన ప్రాజెక్టు అసిస్టెంట్ పేరు రచయితల్లో ఉండాలా, చివర్లో కృతజ్ఞతల్లో ఉండాలా? నా లెక్కలో రచయితల్లోనే ఉండాలి. చాలాచోట్ల అలా జరగదు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. అమెరికన్ ఇమ్యునాలజిస్టు పాలీ మాట్జింగర్ 1978లో ఒక పేపర్‌కు సహ రచయితగా గెలాడ్రియెల్ మర్క్‌వుడ్ అని పెట్టారు. అది ఆమె పెంపుడు కుక్క పేరు! కుక్కకు దక్కిన ఆ గౌరవం మా ఆనిమల్ హౌస్ అటెండెంట్లకు నేను చూసినంతలో ఎప్పుడూ దక్కలేదు.

నిజానికి వాళ్లు లేకపోతే మాకు పనే లేదు. బోనుల్లో పొట్టు మార్చడం, నీళ్లు, మేత, పన్నెండు గంటల వెలుతురు, పన్నెండు గంటల చీకటి సరిగా నడుస్తున్నాయా చూడటం, ఏ ఆడ ఎలుక ఎప్పుడు ఈనిందో కార్డు మీద రాయడం, మూడు వారాలకు పిల్లలను వేరుచేయడం, ఇదంతా పండగలకీ ఆదివారాలకీ కూడా వాళ్ల పనే. మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను (రక్షణ కణాలు సొంత నాడీ వ్యవస్థ మీదే దాడిచేసే జబ్బు) పోలిన జబ్బును ఎలుకల్లో తెప్పించే ప్రయోగం ఒకటుంది. జబ్బుకు మొదటి గుర్తు తోక వాలిపోవడం. కొత్త స్టూడెంట్ ఎలుకను పైకెత్తి, తోకను వేలితో తడిమి, నోట్‌బుక్‌లో సున్నా వేయాలా ఒకటి వేయాలా అని తటపటాయిస్తుంటే, మా అటెండెంట్ అన్న బోను తలుపు దగ్గరే నిలబడి "అది పొద్దుటి నుంచి తోక ఈడుస్తోందమ్మా" అనేవాడు. సాయంత్రానికి తోక పూర్తిగా వాలిపోయేది.

2025 వైద్య నోబెల్ గుర్తుందా? మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి. మన రక్షణ కణాలు మన ఒంటి మీదికే తిరగబడకుండా కాపు కాసే రెగ్యులేటరీ టీ కణాల గురించి. బ్రంకో, రామ్స్‌డెల్ యూనివర్సిటీలో కాదు, వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక చిన్న బయోటెక్ కంపెనీలో ఉండగా ఆ పని చేశారు. వాళ్లు పట్టుకున్న తీగ స్కర్ఫీ అనే ఎలుకల వంశం. 1940ల్లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ల్యాబ్‌లో కొన్ని మగ ఎలుక పిల్లలు పొలుసుల చర్మంతో, ఉబ్బిన ప్లీహంతో పుట్టి కొన్ని వారాలకే చనిపోతుంటే గమనించారు. ఆ లోపం ఫాక్స్‌పీ3 అనే జన్యువులో ఉందని తేలింది 2001లో. ఆ నడుమ ఏళ్లన్నీ ఆ వంశం అంతరించిపోకుండా ఎలుకల గదుల్లో ఎవరో ఒకరు పెంచుకొచ్చారు కదా, ఆ పని విలువ ఎంతని కట్టాలి?

మిగతావాళ్ల సంగతి. ల్యాబ్ హెడ్ చేతిలో పిపెట్ (ద్రవాన్ని కొలిచి పోసే పరికరం) కనిపించడం అరుదు. ఆయనో ఆవిడో సగం జీవితం గ్రాంట్లకు (పరిశోధన నిధులకు) దరఖాస్తులు రాయడానికి, మిగతా సగం గ్రాంటు డబ్బు ఎందుకు ఆలస్యమైందో కనుక్కోవడానికి సరిపోతుంది. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన కొనసాగించేవాళ్లు) ఉంటే మీకు అసలు గురువు వాళ్లే. పీహెచ్‌డీ స్టూడెంట్లు ఐదారేళ్లు ఉంటారు. మొదటి ఏడాది ఉత్సాహం, మూడో ఏడాది ముఖం చిట్లింపు, చివర్లో థీసిస్ టెన్షన్. ఈ మధ్య ప్రతి ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు ఒకరు తప్పనిసరి అయ్యారు. ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో డేటా వచ్చాక విడమర్చేది వాళ్లే. వాళ్లతో స్నేహం చేసుకోండి, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష ఎంతో కొంత ఊరికే నేర్పుతారు. పర్చేజ్ సెక్షన్ గుమాస్తాతో కూడా! ఫ్లో సైటోమెట్రీకి వాడే యాంటీబాడీలు ఎక్కువగా దిగుమతి సరుకే. చిన్న బుడ్డికే వేలల్లో ధర, దానికి కొటేషన్లు, సంతకాలు. ఒక కాగితం టేబుల్ మీద నిలిచిపోతే ఎలుకలు వయసు మీరిపోతాయి.

నా పని గురించీ చెప్పాలి. ఫ్లో సైటోమీటర్‌లో కణాలు సన్నటి ద్రవధారలో ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పోతాయి, ఏ కణం మీద ఏ రంగుందో మెషీన్ చదువుతుంది. పది రంగులు వాడితే ఒకదాని కాంతి ఇంకోదాని లెక్కలోకి పొర్లుతుంది. అది సరిచేయడానికి ఒక్కొక్క రంగే అంటించిన ట్యూబులు విడిగా తేవాలి. అవి తేకుండా వచ్చి "ఎలాగోలా చూడండి మేడమ్" అనేవాళ్లు ప్రతి వారం ఒకరుంటారు. వడగట్టకుండా శాంపిల్ పెట్టి మెషీన్‌ను మూసుకుపోయేలా చేసేవాళ్లు ఇంకొకరు. రాత్రి పదకొండింటికి ఆ గొట్టాలు కడిగేది నేనే, అందుకే మొదటి పరిచయంలో కాస్త కఠినంగా కనిపిస్తాను. ప్రతి సంస్థలోనూ నాలాంటివాళ్లు ఒకరుంటారు, భయపడకండి.

ఇక ఇంట్లోవాళ్ల మాట. అవును, ఎలుకల్ని చంపాల్సి వస్తుంది. సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా ముట్టుకోకూడదు. ఎన్ని, ఎందుకు, నొప్పి లేకుండా ఎలా అన్నీ ముందే రాసివ్వాలి. శిక్షణ ఇచ్చాకే చెయ్యనిస్తారు. అయినా కొందరి వల్ల కాదు, అందులో చిన్నతనమేమీ లేదు. అలాంటివాళ్లకు మనుషుల రక్తం మీద పనిచేసే ల్యాబులున్నాయి. సమ్మతి పత్రం మీద సంతకం చేసిన దాతల రక్తాన్ని ఫైకాల్ అనే ద్రవం మీద మెల్లగా పొరలా పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, మధ్యలో పల్చటి తెల్లటి వలయం కడుతుంది. మనకు కావలసిన కణాలు అందులో ఉంటాయి. సెంట్రిఫ్యూజ్ ఆపేటప్పుడు బ్రేక్ వేస్తే ఆ పొర చెదిరిపోతుంది, కాబట్టి దానంతట అది ఆగేదాకా కాచుకోవాలి.

మీకు నా సలహా: చేరండి, కానీ ఇంటర్వ్యూ రోజున ఒక గంట ముందే వెళ్లి, ల్యాబ్ హెడ్ లేనప్పుడు స్టూడెంట్లతో మాట్లాడండి. హార్వెస్ట్‌కి ఎంతమంది కలిసి దిగుతారు, రాత్రి ఆలస్యమైతే ఆడపిల్లలు ఇంటికెలా వెళ్తారు, ఇంతకుముందు ఇదే ఉద్యోగంలో ఉన్నవాళ్ల పేరు ఏదైనా పేపర్‌లో వచ్చిందా అని అడగండి. మూడో ప్రశ్నకు వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుంటే మీకు అర్థమవుతుంది. చేరాక నెట్ పరీక్ష వదలకండి. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం, పీహెచ్‌డీకి దారి. ఇంకొకటి, మనుషుల రక్తం ముట్టుకోవాల్సిన ల్యాబ్ అయితే హెపటైటిస్ బి టీకా ఉండాలి. మూడు డోసులు, మొదటిదానికీ చివరిదానికీ ఆరు నెలలు పడుతుంది. చిన్నప్పుడు వేయించారో లేదో అమ్మనడిగి, లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి.