'వాటంతట అవే' అన్న మాట దగ్గరే చిక్కు

ప్రశ్న: కొత్త సాంకేతికత వల్ల తక్కువ శ్రమతో, తక్కువ ముడిసరుకుతో ఎక్కువ ఉత్పత్తి సాధ్యమవుతున్నప్పుడు, సంపద అందరికీ అందడం, ప్రకృతిపై భారం తగ్గడం వాటంతట అవే జరగవా? ప్రభుత్వాలు కల్పించుకోవలసిన అవసరం ఏముంది?

జవాబు: నవకల్పనలే వృద్ధికి మూలమన్న మీ అభిప్రాయంతో పేచీ లేదు. అమెరికాలో 1909-49 మధ్య ఒక్కో పనిగంటకు ఉత్పత్తి రెట్టింపయిందని, అందులో ఎనిమిదింట ఏడు వంతులు పెట్టుబడి పెరగడం వల్ల కాక సాంకేతిక మార్పు వల్లే వచ్చిందని ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1957లో లెక్కగట్టారు. చిక్కల్లా మీరు వాడిన 'వాటంతట అవే' అన్న మాట దగ్గరే ఉంది.

ఒక దీపాన్నే తీసుకోండి. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే 300 వాట్-అవర్ల కరెంటు కాలుతుంది. దాదాపు అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి 45 చాలు. అయితే వెలుగు చవకైందని మెట్ల మీద ఒకటి, వరండాలో రెండు, గోడ వెంట అలంకారానికి మరికొన్ని పెట్టుకుంటూ పోతే, ఏడో దీపం దగ్గరకు వచ్చేసరికి ఆదా అంతా హరించుకుపోతుంది. ఈ సంగతిని బ్రిటిష్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే బొగ్గు విషయంలో గుర్తించారు. స్కాట్లాండ్‌లో టన్ను ఇనుముకు పట్టే బొగ్గు మునుపటి దానిలో మూడో వంతు కంటే తక్కువకు పడిపోయినా, 1830-63 మధ్య మొత్తం బొగ్గు వాడకం పది రెట్లయిందని ఆయన రాశారు. పొదుపు వల్ల ఇనుము చవకైంది, చవకైన కొద్దీ గిరాకీ పెరిగింది.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఆమ్ల వర్షాలకు కారణమైన సల్ఫర్ డయాక్సైడ్ విషయంలో అమెరికా 1990లో చట్టాన్ని సవరించి, విద్యుత్ కేంద్రాలన్నీ కలిసి ఏడాదికి ఎంత విడుదల చేయవచ్చో పరిమితి విధించింది, ఆ పరిమితిలో ఎవరి వాటాను వారు అమ్ముకునే వీలు కూడా కల్పించింది. గంధకం తక్కువున్న బొగ్గుకు మారాలా, పొగను శుద్ధిచేసే యంత్రాలు పెట్టాలా అన్నది కేంద్రాల ఇష్టానికే వదిలింది. యూనిట్‌కు ఇంత అనకుండా మొత్తానికే హద్దు గీయడం వల్ల, సామర్థ్యం ఎంత పెరిగినా ఆ మేరకు కాలుష్యం మళ్లీ పెరిగే దారి మూసుకుపోయింది. (కాలుష్యం మీద పన్ను వేయడమూ ఒక మార్గమే కానీ, హద్దుకున్నంత కచ్చితత్వం దానికి లేదు.)

ఇక సంపద అందరికీ అందడం మాట. పారిశ్రామిక విప్లవ కాలపు బ్రిటన్‌లో, 1780-1840 మధ్య ఒక్కో కార్మికుడి ఉత్పత్తి 46 శాతం పెరిగితే నిజ వేతనం (ధరల పెరుగుదలను మినహాయించి చూసిన వేతనం) 12 శాతమే పెరిగిందని ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ అలెన్ అంచనా. ఆ తర్వాత వేతనాలూ పుంజుకున్నాయి, నిజమే. కానీ అరవై ఏళ్లంటే రెండు తరాలు. మరమగ్గాల పోటీకి కూలి పడిపోయిన చేనేత కార్మికుడికి ఆ తర్వాతి పెరుగుదల ఏ విధంగానూ అక్కరకు రాలేదు. అందువల్ల కొత్త పనిలో శిక్షణ, పని దొరికేదాకా భృతి, లాభంలో వేతనాల వాటా గురించి బేరమాడే హక్కు యంత్రం రాకముందే సిద్ధంగా ఉండాలి తప్ప, ఉపాధి పోయిన తర్వాత ఆలోచించదగినవి కావు.