పేరెంట్స్ మీటింగ్‌కి ఎవరూ రావడం లేదా?

ప్రశ్న: మూడో తరగతిలో 32 మంది పిల్లలు. మీటింగ్ పెడితే ఏడెనిమిది మంది తల్లిదండ్రుల కంటే రారు. అందరూ కూలిపనులకు పోయేవాళ్లే. వచ్చినవాళ్లు కూడా ‘నాలుగు తగిలించయినా చదివించండి’ అనేసి వెళ్లిపోతారు. ఏం చేయాలి?
— ఎస్‌జీటీ (ప్రైమరీ స్కూలు టీచర్), పల్నాడు జిల్లా

జవాబు: ముందు మీటింగ్ టైం చూడండి. మిరప కోతల రోజుల్లో తెల్లారకముందే ఆటో ఎక్కి పోయే తల్లి పదకొండింటి మీటింగ్‌కి రావాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. రాలేదని ఆమెను ఏమనగలం? మెగా పీటీఎం (రాష్ట్రమంతా ఒకే రోజు జరిపే పేరెంట్స్-టీచర్స్ మీటింగ్) లాంటివి ప్రభుత్వం చెప్పిన తేదీనే జరుగుతాయి (2024లో అది డిసెంబరు 7). మీ అంతట మీరు పెట్టుకునేవి మాత్రం సాయంత్రం ఆరు దాటాక, వాళ్ల వీధిలోనే ఏ గుడి అరుగు మీదో పెట్టుకోండి. తల్లిదండ్రులను క్రమం తప్పకుండా కలిసి పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, పురోగతి చెప్పడం టీచరు విధి అని విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 24 అంటోంది. స్కూల్లోనే కలవాలని అందులో లేదు. మీరు తిరిగెళ్లే ఆఖరి బస్సు ఆరుకు ముందే పోయే ఊరైతే ఫోనే దిక్కు.

ఆ మొదటి ఫోను కూడా జూన్‌లోనే, ఏ గొడవా లేనప్పుడే వెళ్లాలి. రోజుకు నలుగురికి చేస్తే ఎనిమిది రోజుల్లో 32 మందీ అయిపోతారు. స్కూలు నుంచి ఫోనంటే పిల్లకేదో అయిందని హడలిపోతారు కాబట్టి ‘అమ్మా, పాప టీచర్ని. కంగారేం లేదు’ అని మొదలుపెట్టండి. పిల్ల బాగా చేసిన పని ఒకటి చెప్పి రెండు నిమిషాల్లో ముగించండి. ఈ ఒక్క ఫోను చేయకుండా నవంబర్లో ఫిర్యాదుతో చేస్తే ఎత్తేవాళ్లుండరు.

ఎదురుగా కూర్చున్నప్పుడు మార్కులతో మొదలెట్టకండి. ‘మీవాడికి లెక్కలు రావండీ’ అంటే తల్లికి తెలిసేదేమీ ఉండదు. నోటుబుక్ తెరవండి. 52 లోంచి 27 తీసేయమంటే వాడు 35 వేశాడనుకుందాం. రెండులోంచి ఏడు పోదు కాబట్టి తిరగేసి ఏడులోంచి రెండు తీసేశాడు. ఇది తల్లికి చూపించాలంటే అగ్గిపుల్లలు చాలు: పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు ఐదు, విడిగా రెండు. ఏడు పుల్లలు కావాలంటే ఒక కట్ట విప్పాల్సిందేనని చదువురాని తల్లికీ అర్థమవుతుంది. ‘రోజూ రాత్రి అన్నం తిన్నాక ఇలాంటివి రెండు చేయించండమ్మా’ అని పుల్లలిచ్చి పంపండి. ‘తగిలించండి’ అన్న మాటకు మీరివ్వాల్సిన జవాబు కూడా ఇదే. పిల్లల్ని కొట్టడాన్ని అదే చట్టం సెక్షన్ 17 నిషేధించింది. మర్యాదకైనా ఆ మాటకు తలూపకండి. రేపు ఎక్కడైనా ‘సారే ఒప్పుకున్నారు’ అంటారు.

వాట్సాప్ గ్రూపు విషయం ఒక్కటి. పిల్లల పేర్లతో మార్కుల లిస్టు అందులో పెట్టొద్దు. తక్కువ వచ్చిన పిల్ల తండ్రి ఆ రోజే గ్రూపులోంచి వెళ్లిపోతాడు. చదవలేని వాళ్లుంటారు కాబట్టి అర నిమిషం వాయిస్ మెసేజ్ నయం.

ప్రశ్న: హైస్కూల్లో చేరి రెండేళ్లు. ఎవరు సెలవు పెట్టినా అడ్జస్ట్‌మెంట్ పీరియడ్ నాకే వేస్తున్నారు. అడిగితే సీనియర్లతో తగువు.
— స్కూల్ అసిస్టెంట్, నల్గొండ జిల్లా

జవాబు: స్టాఫ్ రూంలో అడగొద్దు. అక్కడ అడిగితే ఇద్దరి మధ్య తగువవుతుంది. ఒక నెల రాసుకోండి: తేదీ, పీరియడ్, ఎవరి బదులు. ఆ కాగితంతో హెచ్‌ఎం (హెడ్‌మాస్టర్) గారి దగ్గరకు ఒంటరిగా వెళ్లి, ‘అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్లో ఎవరికెన్ని పడ్డాయో నెల చివర కూడి చూద్దామా సార్’ అనండి. పేర్లెత్తకండి, అంకెలే చెప్తాయి. మీరు సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టే రోజు మీ క్లాసుకు చేయాల్సిన పని బోర్డు మీద కాకుండా కాగితం మీద రాసి వెళ్లండి. మీ బదులు వచ్చినవాళ్లు ఏం చేయించాలో తెలియక 45 నిమిషాలు అవస్థపడితే ఆ చిరాకు మీ మీదే తిరుగుతుంది.

మరొకటి, మీరు అడగకపోయినా. ‘కింది క్లాసుల్లో ఏం చెప్పారో’ అన్న మాట కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లు కలిసే మీటింగ్) అస్సలు రానివ్వకండి. ఆరో తరగతిలో ఎంతమందికి ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసుకెళ్లి, ప్రైమరీ టీచర్‌ను ‘దీన్ని మీరెలా చెప్తారు మేడం’ అని అడిగి చూడండి. సగం దూరం ఆ ప్రశ్నతోనే తగ్గుతుంది.

ప్రశ్న: హెచ్‌ఎం గారికి ఏ సమస్య చెప్పినా ‘చూద్దాం’ అంటారు.
— పేరు రాయలేదు

జవాబు: ‘మరుగుదొడ్లు బాగాలేవు సార్’ అంటే ‘చూద్దాం’ తప్ప ఏమంటారు? ఆడపిల్లల వైపు రెండో గది తలుపు గొళ్లెం ఊడింది, వెల్డింగ్ ఆయన ఇంత అడుగుతున్నాడు, స్కూల్ గ్రాంట్‌లో తీయొచ్చా, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ తీర్మానం కావాలా అని అరపేజీ రాసివ్వండి. అప్పుడు ఆయన చేయాల్సింది అవునో కాదో చెప్పడమే. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీ సభ్యుల్లో కనీసం 75 శాతం తల్లిదండ్రులే ఉండాలి కాబట్టి, పైన మొదటి జవాబులో చెప్పినట్టు జూన్‌లో మీరు ఫోన్ చేసి ఉంటే ఆ తల్లే అక్కడ కూర్చుని ఉండొచ్చు. చెడ్డ కబురైతే మాత్రం అరపేజీ రాసేదాకా ఆగకండి: పిల్లవాడికి దెబ్బ తగిలిందంటే, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేలోపే హెచ్‌ఎం మీ నోట వినాలి.