తాబేలు గుడ్లను కాపాడాలంటే ముందు చేపల వేటకు వెళ్ళేవాళ్ళతో మాట్లాడండి

"మా తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడుతున్నాయి, కుక్కలు తవ్వి తినేస్తున్నాయి. కుర్రాళ్ళం కొందరం కలిసి హేచరీ (గుడ్లను తెచ్చి కంచె లోపల ఇసుకలో పొదిగించే చోటు) పెడదామనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగారు. బంగాళాఖాతం తీరంలోనే కొన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. కంచె కొనేముందు చేపల వేటకు వెళ్ళేవాళ్ళను కలవండి.

జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు ఎక్కువగా ఒడ్డెక్కుతాయి. ఆ వేళకు తీరం మీద తిరిగేది వాళ్ళే. మాకు మొదట్లో తాబేలు గూళ్ళు చూపించింది కూడా తెల్లవారుజామున పడవ దించడానికి వచ్చిన ఒక పెద్దాయనే. ఇసుక మీద ట్రాక్టర్ టైరు వెళ్ళినట్టు అచ్చు ఉంటుంది. అది ఎక్కడ ఆగి వెనక్కి తిరిగిందో అక్కడ ఇసుక చిందరవందరగా ఉంటుంది. గుడ్లు మాత్రం అడుగున్నర లోతున, నూటికి అటూ ఇటూగా ఉంటాయి. చాలామంది జాలర్లకు తాబేలంటే భక్తి, వలలో పడితే దణ్ణం పెట్టి వదిలేస్తారు. వాళ్ళను దోషుల్లా చూస్తూ మాట్లాడితే మాత్రం పని అక్కడితో ఆగిపోతుంది.

రెండోది, అటవీశాఖ అనుమతి లేకుండా గుడ్లు ముట్టుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు అత్యంత రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో ఉంది, మంచి ఉద్దేశంతో కదిపినా నేరమే. చట్టం సంగతి పక్కన పెట్టినా, గుడ్లు పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిల్ల చచ్చిపోతుంది. కుక్కల బెడద తక్కువగా ఉన్నచోట, అటవీ సిబ్బందిని అడిగి, గూటి మీద వెడల్పు కన్నాల జాలీ బిగించి అక్కడే వదిలేయడం మేలని నా అభిప్రాయం. హేచరీ తప్పదంటే నీడ సంగతి చూసుకోండి. ఇసుక 31 డిగ్రీలు దాటితే దాదాపు అన్నీ ఆడపిల్లలే పుడతాయి, 28 లోపు ఉంటే ఎక్కువగా మగవి.

పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. వచ్చేముందు గూటి మీద ఇసుక కొంచెం కుంగుతుంది, తర్వాత నల్లని ముక్కులు కనిపిస్తాయి, ఆపైన ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. వెలుతురు ఎటుంటే అటే పాకుతాయి. అందుకే తీరం వైపున్న వీధి దీపాల సంగతి డిసెంబరులోనే పంచాయతీతో మాట్లాడి, ఆ నెలల్లో ఆర్పించడమో సముద్రం వైపు మూత బిగించడమో చేయించండి. మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చిన పని ఇదే.

ఇంకో మాట, ఇది నాకు బాగా బాధ కలిగించే విషయం. అతిథులు వచ్చి ఫొటోలు దిగేదాకా పిల్లలను తొట్టెల్లో ఉంచే అలవాటు చాలాచోట్ల ఉంది. పుట్టిన వెంటనే ఈదడానికి ఉన్న శక్తంతా ఆ తొట్టెలోనే కరిగిపోతుంది. ఎవరొచ్చినా రాకపోయినా, బయటికి వచ్చిన వెంటనే ఇసుక మీద వదలండి, సొంతంగా పాకనివ్వండి.

చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్ళ గురించి అడగలేదు గానీ, అవీ కనిపిస్తాయి. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి, ట్రాలర్ (వల ఈడ్చుకుంటూ వెళ్ళే మరబోటు) వలలో చిక్కితే మునిగి చచ్చిపోతుంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అప్పటికి గుడ్లు పెట్టే కాలం దాదాపు అయిపోతుంది, అంటే ఆ 61 రోజులు తల్లులకు పెద్దగా అక్కరకు రావు. తాబేలు తప్పించుకునే దారి ఉన్న టెడ్ పరికరాన్ని వలకు బిగించమంటే, చేపలు కూడా పోతాయని బోటువాళ్ళ టెన్షన్. ఆ మాట కొట్టిపారేయకుండా వినండి, మత్స్యశాఖ వాళ్ళను పిలిపించి వాళ్ళ ఎదుటే వల లాగి చూపించమనండి. ఈలోగా చచ్చిన ప్రతి తాబేలుకూ తేదీ, చోటు, ఫొటో రాసిపెట్టి అటవీశాఖకు ఇవ్వండి. వలలకు టెడ్ బిగించాలని మీరు అడిగినప్పుడు చూపించడానికి లెక్క ఉంటుంది.